పద్దెనిమిదేళ్ల తర్వాత స్కూలు మారాలా? శ్రీకాకుళం, విజయనగరం టీచర్ల కోసం ఒక లెక్క

2023 సంక్రాంతి సెలవులు అయ్యాక స్కూలు తెరిచిన వారంలోనే నాకు ఒక సంగతి తెలిసింది. నా కన్నా పన్నెండేళ్లు వెనక చేరిన మాస్టారి జీతం నా జీతం కన్నా పదిహేను వందలు ఎక్కువ. ఆయన తప్పేమీ లేదు. బయటి నుంచి వస్తూ అడిగి తెచ్చుకున్నారు. నేను 2005 జూన్‌లో శ్రీకాకుళంలోని ఆ ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేరాను. అప్పటి నుంచి ఏటా వాళ్లు పెంచినంత తీసుకున్నాను, ఒక్కసారీ నోరు తెరిచి అడగలేదు. బలగలో ఇల్లు, నడిచి వెళ్లేంత దూరంలో స్కూలు, పిల్లలిద్దరికీ అక్కడే ఫీజు తగ్గింపు. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ సాయంత్రం నాకు కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. నలభై రెండేళ్లు వచ్చాయి. ఇప్పుడు మారితే ఎవరు తీసుకుంటారు? మారకపోతే ఇంకో పదహారేళ్లు ఇలాగేనా? ఆ మూడు నెలలు నిద్రలేని టెన్షన్‌లో నేను వేసుకున్న లెక్కలే ఇవి. ఆ తర్వాత నా దగ్గరకు సలహాకి వచ్చిన టీచర్లతో కూర్చుని వేసినవి కూడా కొన్ని ఉన్నాయి. మా రెండు జిల్లాల్లో ప్రైవేటు స్కూళ్లలో, కాలేజీల్లో పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఒకేచోట చెప్పిన వాళ్లు వేల మంది ఉన్నారు. మనలో చాలామందికి రాజీనామా లేఖ ఎలా రాయాలో కూడా తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ రాయలేదు.

మీ విలువ ఎక్కడ ఉంది

ఒకేచోట ఎక్కువ కాలం పనిచేస్తే మన విలువంతా ఆ గోడల మధ్యే ఉండిపోతుంది. పదో తరగతిలో లెక్కలంటే వణికే పిల్లల్ని ఎలా గట్టెక్కిస్తామో ఆ హెడ్‌మాస్టర్‌కి తెలుసు, ఆ వీధిలో తల్లిదండ్రులకి తెలుసు. నేను వెళ్లిపోతానని తెలిసి అరసవల్లి నుంచి ఒకావిడ వచ్చి, "మా గుంటడికి లెక్కలు ఎవులు సెప్తారు మేడమ్?" అని గుమ్మంలో నిలబడిపోయింది. ఆ మాట బయోడేటాలో రాయలేం. కొత్త స్కూలువాళ్లకి కనిపించేవి డిగ్రీ, బీఈడీ, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, డెమో క్లాసు. అంతే.

అందుకే ఏ దారి ఎంచుకున్నా ముందు చేయాల్సింది ఒకటే. ఆ పద్దెనిమిదేళ్లని కాగితం మీదకి తెచ్చుకోవాలి. ఏ ఏడాది ఏ తరగతులు చెప్పారు, పదో తరగతి సబ్జెక్టులో ఎంతమంది పాసయ్యారు, ఏమేం ట్రైనింగులు తీసుకున్నారు, ఎగ్జామ్ డ్యూటీలు, పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లి ఉంటే ఆ ఆర్డర్లు, అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ఇంకా ఆ స్కూల్లోనే ఉన్నప్పుడు అడిగితే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పదినిమిషాల పని. గొడవపడి బయటకొచ్చాక అడిగితే ఆర్నెల్లు తిప్పుతారు. నేను జనవరిలోనే బ్యాంకు లోన్ కోసమని చెప్పి సర్వీస్ సర్టిఫికెట్ తీసుకున్నాను. లోన్ ఆలోచన కూడా నిజంగానే ఉంది కాబట్టి ఆ మాట అబద్ధం కాలేదు.

ఇక దారులు. మా ప్రాంతంలో ఒక ప్రైవేటు టీచరు ముందు నిజంగా ఉండేవి ఇవి: ఉన్నచోటే ఉండి జీతం పెంచమని అడగడం, అదే ఊళ్లో ఇంకో స్కూలుకి మారడం, విశాఖపట్నం కార్పొరేట్ కాలేజీకి వెళ్లడం, ప్రభుత్వ ఉద్యోగం కోసం డీఎస్సీ రాయడం, సొంతంగా ట్యూషన్లు పెట్టుకోవడం. నాకు వాటిలో మూడు ఒకేసారి ఎదురయ్యాయి.

ఊళ్లోనే ఇంకో స్కూలు: ఎనిమిది వేలు పెరిగితే చేతికి ఎంత?

ఎచ్చెర్ల వైపు హైవే మీద కొత్తగా పెట్టిన ఒక సీబీఎస్ఈ స్కూలు నన్ను పిలిచింది. నా పాత జీతం నెలకి 22,000. వాళ్లు 30,000 అన్నారు. ఇంట్లో అందరూ వెళ్లమన్నారు. ఆ రాత్రి మా అబ్బాయి నోటుబుక్కులో వెనక పేజీ తీసి ఏడాది లెక్క వేశాను. మీరు కూడా ఇదే చేయండి, నెల లెక్క వద్దు.

పాతచోట 22,000 చొప్పున పన్నెండు నెలలు, మొత్తం 2,64,000. కొత్తచోట మే నెల జీతం ఇవ్వరు. 30,000 చొప్పున పదకొండు నెలలు, 3,30,000. ఆటో, బస్సు ఖర్చు నెలకి 1,500 చొప్పున పదినెలలకి 15,000 పోయింది. పాప ఇంకా పాత స్కూల్లోనే ఏడో తరగతి. నేను వచ్చేస్తే స్టాఫ్ తగ్గింపు పోయి ఏడాదికి 20,000 అదనంగా కట్టాలి. ఇంకొకటి, పాతచోట యాజమాన్యం కట్టే పీఎఫ్ వాటా జీతానికి అదనం. కొత్తచోట 30,000లోనే ఆ వాటా కూడా కలిపి చెప్పారు. నెలకి 1,800 చొప్పున పదకొండు నెలలకి 19,800. అన్నీ తీసేస్తే మిగిలింది 2,75,200. పాత జీతం కన్నా ఏడాదికి 11,200 ఎక్కువ. నెలకి వెయ్యి కూడా లేదు.

పాత స్కూలుకి ఇంట్లోంచి కదిలేది పావు తక్కువ తొమ్మిదికి, తిరిగొచ్చేది నాలుగున్నరకి. కొత్తదానికి ఏడున్నరకి బయల్దేరితే సాయంత్రం ఆరుంపావుకి ఇల్లు. రోజుకి మూడు గంటలు ఎక్కువ. ఏడాదికి 220 పనిదినాలు వేసుకున్నా 660 గంటలు. ఆ 11,200 ఈ గంటల మీద పంచితే గంటకి పదిహేడు రూపాయలు.

అక్కడితో వదిలేస్తే మారకూడదనే తేలుతుంది. కానీ ఈ కాగితం చేతిలో ఉండడం వల్లే నేను రెండోసారి వెళ్లి మాట్లాడగలిగాను. పన్నెండు నెలల జీతం అడిగాను, పీఎఫ్ వాటా బయట పెట్టమన్నాను. మొదటిది ఒప్పుకున్నారు, రెండోది ఒప్పుకోలేదు. అప్పుడు తేడా ఏడాదికి 39,400 అయింది. ఆ లెక్క మీదే నేను మారాను. లెక్క లేకుండా వెళ్లి ఉంటే మొదటి మాటకే తలూపేసి, మే నెలలో చేతిలో పైసా లేనప్పుడు తెలుసుకునేదాన్ని.

ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. మీ స్కూల్లో ఈఎస్ఐ ఉంటే, నెల జీతం 21,000 దాటితే ఆ సౌకర్యం పోతుంది. 20,000 నుంచి 23,000కి మారి, ఇంట్లో షుగరు, బీపీ మందులు ఈఎస్ఐ ఆసుపత్రిలో తీసుకుంటున్నవాళ్లు ఉంటే, ఆ మూడు వేలు మందుల షాపుకే పోవచ్చు. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఎంతవుతుందో కనుక్కుని లెక్కలో వేసుకోండి.

డబ్బు కాకుండా అడగాల్సినవి నాలుగు మాటలు. వారానికి ఎన్ని పీరియడ్లు? రాని టీచర్ల బదులు తీసుకునే సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు వాటిలో కలిపా, బయటా? వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగాలా? ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంచుకుంటారా? ఈ చివరిది నాకు చాలా ముఖ్యం. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వండి, ఒరిజినల్స్ ఇచ్చేయకండి. తప్పదంటే ఏమేం తీసుకున్నారో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఒక తెలుగు టీచరు పదో తరగతి మెమో వెనక్కి తెచ్చుకోవడానికి టెక్కలి నుంచి నాలుగుసార్లు తిరగడం నేను కళ్లారా చూశాను.

వదిలేసి వచ్చేటప్పుడు మన డబ్బు

దీని గురించి ఎవరూ మాట్లాడరు. నిజానికి ఎక్కువ కాలం పనిచేసినవాళ్లకి అన్నిటికన్నా పెద్ద మొత్తం ఇదే.

రాజీనామా ఇచ్చిన రోజు గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసినందుకు వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం, అడిగితే మా ఆఫీసులో, "ప్రైవేటు టీచర్లకి గ్రాట్యుటీ ఉండదమ్మా" అన్నారు. ఉంటుంది. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థల్లో ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలని 1972 చట్టం. టీచర్లు ఆ చట్టం కిందకి రారని 2004లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన మాట నిజమే. అయితే 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా టీచర్లని అందులో చేర్చింది. ఆ సవరణ చెల్లదని ప్రైవేటు స్కూళ్లు కోర్టుకెళ్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణనే సమర్థించింది. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ రెగ్యులర్ ఉద్యోగులకి ఈ ఐదేళ్ల హక్కు కొనసాగుతోంది.

లెక్క ఇలా ఉంటుంది. చివరి నెల బేసిక్, డీఏ కలిపి ఎంతో చూసి, దాన్ని 15తో హెచ్చించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. చివర్లో ఆరు నెలలు దాటితే ఇంకో ఏడాదిగా లెక్క. నేను 2005 జూన్ నుంచి 2023 ఏప్రిల్ దాకా చేశాను, పదిహేడేళ్ల పది నెలలు, అంటే పద్దెనిమిది. నా 22,000లో బేసిక్‌గా చూపించింది 12,000 మాత్రమే. దాని ప్రకారం 1,24,615 రూపాయలు. చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో ఇవ్వాలి. చేతిరాతతో దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం చేయించుకున్నాను. మూడు నెలల తర్వాత రెండు విడతల్లో ఇచ్చారు. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గరకు వెళ్లొచ్చు, ఆలస్యానికి వడ్డీ కూడా అడగొచ్చు.

దీన్ని బట్టి ఒక చిన్న సలహా. మీకు నాలుగేళ్ల ఏడు నెలలు అయిందా, ఐదేళ్లు నిండే దాకా ఆగండి. పద్నాలుగేళ్ల నాలుగు నెలలు అయిందా, ఇంకో రెండు నెలలు దాటి కదిలితే పదిహేను లెక్కవుతుంది. విద్యాసంవత్సరం ముగిసే నెలకి ఎలాగూ ఆగుతాం కాబట్టి తేదీ చూసుకోవడం కష్టం కాదు.

పీఎఫ్‌ విషయంలో టీచర్లు చేసే తప్పు, స్కూలు మారగానే డబ్బంతా తీసేసుకోవడం. మా స్కూల్లో పీఎఫ్ 2011లో మొదలైంది కాబట్టి నాకు పన్నెండేళ్లే పడింది. పెన్షన్‌కి మొత్తం పదేళ్ల సర్వీసు ఉండాలి, ఒకటికన్నా ఎక్కువ సంస్థలవి కలిసినా సరే. ఎనిమిదేళ్లకి మారి, ఆ పెన్షన్ భాగం తీసేసుకుంటే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పెన్షన్ లెక్క సులువే. పెన్షన్‌కి లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించాలి. జీతం గరిష్ఠంగా 15,000గా తీసుకుని పద్దెనిమిదేళ్లు వేస్తే నెలకి సుమారు 3,857. ఇది పెద్ద మొత్తం కాదని నాకూ తెలుసు. కానీ ప్రైవేటు టీచరు అరవయ్యేళ్ల వయసులో నెల తిరిగేసరికి తనదంటూ వచ్చే డబ్బు అదొక్కటే కావచ్చు, దాన్ని పోగొట్టుకోకండి.

ఒకే యూఏఎన్ (మన పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఉండే ఒకే నంబరు) కింద పాత ఖాతా కొత్తదానికి బదిలీ చేసుకోండి. అంతకుముందు పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే పీఎఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి. నా ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉంది. దాన్ని సరిచేయడానికి అప్పుడు యాజమాన్యం సంతకం కావాల్సి వచ్చింది, ఇంకా స్టాఫ్‌లో ఉన్నాను కాబట్టి క్లర్కుగారు చేసిపెట్టారు. ఉద్యోగం వదిలిన తేదీని మాత్రం వాళ్లు ఎక్కించలేదు. చివరి నెల జమ పడ్డాక రెండు నెలలు దాటితే ఆ తేదీని మనమే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. నేను అలాగే వేసుకున్నాను.

విశాఖపట్నం

విజయనగరం వాళ్లకి, శ్రీకాకుళం వాళ్లకి ఈ దారి ఒకటి కాదు. విజయనగరం నుంచి విశాఖకి గంట, గంటన్నరలో రైలు చేరుస్తుంది. రోజూ వెళ్లొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లు పైమాటే, రైలు కావాలంటే ముందు ఆమదాలవలస చేరాలి. రోజూ తిరగడం కుదిరే పని కాదు. అంటే శ్రీకాకుళం టీచరుకి విశాఖ ఉద్యోగం అంటే అక్కడ అద్దె ఇల్లు అని అర్థం.

మా ఫిజిక్స్ మాస్టారు నాకంటే ఏడాది ముందే విశాఖలో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీకి వెళ్లారు. జీతం రెట్టింపు కన్నా ఎక్కువ. పొద్దున ఆరుకి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి తొమ్మిది దాటుతుంది, ఆదివారం పరీక్ష, సోమవారానికి ర్యాంకుల షీటు. ఆయన సంతోషంగానే ఉన్నారు, అందులో సందేహం లేదు. ఆయన ఇద్దరు పిల్లలూ ఇంటర్ వయసులో ఉన్నారు, అదే కాలేజీలో ఫీజు చాలావరకు తగ్గింది. ఎలాగూ పిల్లల చదువుకోసం విశాఖ వెళ్లాలనుకున్న ఇంటికి ఆ ఉద్యోగం బాగా కలిసొచ్చింది. పిల్లలు ఐదో తరగతిలో ఉండి, ఊళ్లో అత్తమామలు మంచం మీద ఉన్న ఇంటికి అదే ఉద్యోగం భారమవుతుంది.

ఇంకోటి, ఇంటర్‌లో ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ స్థాయి చెప్పాలి. పదిహేనేళ్లు పదో తరగతి పుస్తకం చెప్పిన చేతికి అది కొత్త పని. వయసు నలభై దాటాక ఆ కష్టానికి సిద్ధంగా ఉన్నామా అని మనసుని నిజాయితీగా అడగాలి. నేను ఒక పాత ప్రశ్నపత్రం తీసుకుని గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ముప్పైలో పదిహేడు చేయగలిగాను. అక్కడికి వెళ్లొద్దని అప్పుడే తీర్మానించుకున్నాను.

డీఎస్సీ, ఇతర ప్రభుత్వ దారులు

అందరూ ముందు అడిగేది ఇదే. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి. ఓపెన్ కేటగిరీకి వయోపరిమితి 44 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకి ఐదేళ్లు ఎక్కువ, దివ్యాంగులకి పదేళ్లు ఎక్కువ. హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ బేసిక్ 44,570తో, ప్రాథమిక తరగతులు చెప్పే ఎస్జీటీ బేసిక్ 32,670తో మొదలవుతుంది. మన ప్రైవేటు జీతాల పక్కన పెడితే పోలికే లేదు. నలభై దాటాక చేరినా ఆర్థికంగా ఇదే మేలైన దారి, వస్తే.

చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. బీఈడీ మాత్రమే ఉన్నవాళ్లు ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకి అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఎస్జీటీకి ప్రాథమిక టీచర్ల కోర్సు డీఈడీ కావాలి. బీఈడీ ఉన్నవాళ్లకి మిగిలేది స్కూల్ అసిస్టెంట్ లాంటి పోస్టులు, అవి సబ్జెక్టువారీగా జిల్లాలో కొన్నే ఉంటాయి. ఎంపికలో 80 శాతం డీఎస్సీ మార్కులు, 20 శాతం టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మార్కులు. టెట్‌లో ఎప్పుడో 95తో పాసై ఊరుకున్నవాళ్లు మళ్లీ రాసి మార్కులు పెంచుకోవడం మంచిది.

నేను 2025లో రాశాను. ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివాను. రాలేదు. ఉద్యోగం మానేసి కోచింగ్‌కి వెళ్లిన ఇద్దరు తెలిసినవాళ్లలో ఒకరికి వచ్చింది, ఒకరికి రాలేదు. రానివారు ఇప్పుడు కొత్త స్కూల్లో తక్కువ జీతానికి మళ్లీ మొదలుపెట్టారు. ఇంట్లో ఇంకో జీతం ఉండి, కనీసం ఏడాది ఖర్చులు చేతిలో ఉంటేనే ఉద్యోగం మానేసి చదవమని చెప్తాను. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఆ మాట చెప్పను.

డీఎస్సీ రాయకపోయినా టెట్ పాసై ఉండడం ఇప్పుడు అవసరం. ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచర్లకి టెట్ తప్పనిసరి అని, సర్వీసు ఐదేళ్ల కన్నా ఎక్కువ మిగిలి ఉన్నవాళ్లు రెండేళ్లలో పాసవ్వాలని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మైనారిటీ స్కూళ్ల సంగతి పెద్ద బెంచికి పంపింది. ప్రైవేటు స్కూళ్ల ఇంటర్వ్యూల్లో ఈ సర్టిఫికెట్ అడగడం మొదలైంది. 2011 నుంచి పాసైన టెట్ జీవితకాలం చెల్లుతుంది, కాబట్టి పాతది ఉంటే బీరువాలోంచి తీయండి.

కేంద్రీయ విద్యాలయాల రెగ్యులర్ పోస్టులకి సాధారణ వయోపరిమితి టీజీటీ (పదో తరగతి వరకు చెప్పేవాళ్లు)కి 35, పీజీటీ (ఇంటర్ స్థాయి చెప్పేవాళ్లు)కి 40. సడలింపు వర్తించనివాళ్లకి నా వయసులో తలుపు మూసుకుపోయినట్టే. అక్కడ కాంట్రాక్టు టీచర్ల కోసం సాధారణంగా విద్యాసంవత్సరం మొదలయ్యే ముందు వాకిన్ ఇంటర్వ్యూలు పెడతారు, అవి ఏడాది పాటే. కేజీబీవీల్లో (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో) మహిళా టీచర్లని కాంట్రాక్టు మీద తీసుకుంటారు. జీతం చాలా ప్రైవేటు స్కూళ్ల కన్నా మెరుగు, కానీ హాస్టల్ ఉండే బడి కాబట్టి రాత్రి డ్యూటీలు ఉంటాయి, కాంట్రాక్టు ఏటా పొడిగించాలి. పద్దెనిమిదేళ్ల పర్మనెంటు ఉద్యోగం వదిలి ఏడాది కాంట్రాక్టుకి వెళ్లేముందు, పాతచోట మన ఉద్యోగం నిజంగా పర్మనెంటేనా అని కూడా చూసుకోవాలి. చాలామందికి అపాయింట్‌మెంట్ ఆర్డరే ఉండదు. నాకూ లేదు.

ట్యూషన్లు

పేరున్న టీచర్లకి ఇది చాలా ఆకర్షణగా కనిపిస్తుంది. నలభై మంది పిల్లలు, తలా వెయ్యి అంటే నెలకి నలభై వేలు అనుకుంటాం. జూన్‌లో ఇరవై మందే వస్తారు, ఆగస్టుకి నలభై అవుతారు, మార్చి తర్వాత ఒక్కరూ ఉండరు. అందులో నలుగురైదుగురు ఫీజు బాకీ. ఏడాది మీద పంచితే సగానికి సగం పడిపోతుంది. పీఎఫ్ లేదు, జబ్బుచేస్తే జీతం లేదు. పిల్లలు ఎక్కువై ట్యుటోరియల్‌గా పెంచాలంటే విద్యాశాఖ అనుమతి కూడా కావాలి.

స్కూల్లో చేస్తూ సాయంత్రం ట్యూషన్ చెప్తే రెండూ కలిసొస్తాయి అనుకునేవాళ్లు ఉన్నారు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. మన ఊళ్లలో జరుగుతున్నది వేరు, అయినా ఈ మాట తెలిసి నిర్ణయించుకోండి. పూర్తిగా ట్యూషన్ల మీద బతకాలనుకునేవాళ్లకి నా సలహా ఒకటే. స్కూలు వదిలిన మొదటి ఏడాది మీ సొంత స్కూలు పిల్లల్ని లాక్కోకండి. ఊరు చిన్నది, ఏడురోడ్ల జంక్షన్‌లో రేపు ఎదురుపడేది వాళ్లే.

ఉండిపోవడం కూడా ఒక ఎంపికే

మా వదిన విజయనగరంలో కంటోన్మెంట్ దగ్గర ఒక స్కూల్లో పద్నాలుగేళ్లుగా ఇంగ్లిష్ చెప్తోంది. ఆమెకీ నాలాగే బయట నుంచి పిలుపు వచ్చింది. అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్ అయింది, మధ్యాహ్నం ఇంటికి వెళ్లి చూసిరావాలి. మారలేదు. ఊరుకోనూ లేదు. ఆఫర్ వచ్చిన సంగతి కరస్పాండెంట్‌గారికి మర్యాదగా చెప్పి, "సార్, నాకు ఇక్కడే ఉండాలని ఉంది, ఉండగలిగేలా చేయండి" అంది. మూడు వేలు పెంచారు, అది ఆమె అనుకున్నంత కాదు. దాంతోపాటు ఆరు, ఏడు తరగతుల బాధ్యత ఇచ్చి కో-ఆర్డినేటర్ హోదా ఇచ్చారు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ రాసిచ్చారు. నా దృష్టిలో ఆ ఆర్డరే ఆ మూడు వేల కన్నా విలువైనది.

ఆమె చేసిన మంచి పని, బెదిరించకపోవడం. వెళ్లే ఉద్దేశం లేకుండా వెళ్లిపోతానని అంటే, సరే వెళ్లమ్మా అనేస్తారు. వెళ్లడానికి నిజంగా సిద్ధపడి, లెక్కలన్నీ వేసుకుని, ఆ తర్వాత ఉండాలనుకుంటే అప్పుడు వెళ్లి మాట్లాడాలి.

నా అభిప్రాయం అడిగితే, ఇల్లు కదలలేని పరిస్థితుల్లో ఉన్నవాళ్లు, రిటైర్మెంట్‌కి ఐదారేళ్లే ఉన్నవాళ్లు వదినలా చేయాలి. వయసు డీఎస్సీకి ఇంకా ఉన్నవాళ్లు ఉద్యోగం వదలకుండా రాయాలి. జీతం ఏళ్లుగా అక్కడే ఆగిపోయి, మాట్లాడినా కదలనిచోట ఉన్నవాళ్లు మారాలి, అదీ ఊళ్లోనే ముందు చూసి. విశాఖ, పిల్లల ఇంటర్ వయసుతో కలిసొచ్చినప్పుడే. ఇంట్లో ఇంకో స్థిరమైన ఆదాయం ఉంటేనే ట్యూషన్లు.

ఎప్పుడు చెప్పాలి

మన స్కూళ్లు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, ఏప్రిల్ 23 చివరి పనిదినం. కొత్త స్కూళ్ల ఇంటర్వ్యూలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జరుగుతాయి. పదో తరగతి పరీక్షలు మార్చిలో. పదో తరగతి చెప్పేవాళ్లు ఆ పరీక్షలు అయ్యేదాకా రాజీనామా మాట ఎత్తకపోవడం పిల్లలకి మంచిది, మనకీ మంచిది. మధ్యలో వెళ్లిపోతే ఆ పిల్లల ముఖాలు ఏడాదంతా గుర్తొస్తాయి.

నేను మార్చి చివరి వారంలో, కొత్త స్కూలు ఆర్డరు చేతికొచ్చాకే లేఖ ఇచ్చాను. నోటి మాట మీద రాజీనామా ఇచ్చి జూన్‌లో రెండిటికీ చెడినవాళ్లు ఉన్నారు. లేఖలో నాలుగు వాక్యాలే రాశాను: చేరిన తేదీ, వదిలే తేదీ, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వమని కోరడం, గ్రాట్యుటీ కోసం వేరే దరఖాస్తు జతచేసినట్టు చెప్పడం. జీతం గురించి, ఆ పదిహేను వందల గురించి ఒక్క మాటా రాయలేదు. దాని గురించి కరస్పాండెంట్‌గారి ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

నా స్థానంలో వచ్చిన అమ్మాయి పార్వతీపురం నుంచి, అప్పుడే బీఈడీ అయింది. చివరి రెండు రోజులు ఆమె పక్కన కూర్చుని, ఎనిమిదో తరగతిలో ఏ పిల్లాడికి ఎక్కం రాదు, ఎవరు అద్దాలు లేక బోర్డు చూడలేరు, ఎవరి నాన్న వలస వెళ్లి ఫీజు ఆలస్యమవుతుంది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసిచ్చాను. అరసవల్లి గుంటడి పేరు మొదటి పేజీలో ఉంది.